మీటరు మీద పేరున్న మనిషి



ఒక చలికాలపు సాయంత్రం యాచారం దగ్గరి పల్లెకు కుటుంబ ప్రార్థన నిమిత్తం వెళ్ళాను. ప్రార్థన ముగించి, టీ తాగి లేవబోతుండగా ఆ ఇంటి తల్లి లోపలికి వెళ్ళి కరెంటు బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ నెల 206 యూనిట్లు పడ్డాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇస్తున్న సంగతి మీకు తెలుసు. 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవలసిందే. ఆరు యూనిట్లు ఎక్కువైనందుకు మొత్తం బిల్లు నెత్తిన పడింది. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మాట కాదు. ఇంట్లో ఏ వస్తువు ఇంత కరెంటు తింటున్నదో చెప్పమని ఆమె నన్ను అడిగింది.

పక్కనే కూర్చున్న ఆమె భర్తకు మరో సందేహం. తన బోరు మోటారు అయిదు హెచ్.పి. అంటారు. ఇంట్లో బల్బు తొమ్మిది వాట్లు అంటారు. బిల్లు మీద మాత్రం యూనిట్లు అని వేస్తారు. కరెంటు ఒక్కటే కదా, మరి మూడు కొలతలు ఎందుకని అతని ప్రశ్న.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి. శక్తి అంటే ఏమిటి, క్రియ అంటే ఏమిటి అని అరిస్టాటిల్ మీద గంటల తరబడి వాదించినవాణ్ణి. అయినా ఆ దంపతులకు సమాధానం చెప్పలేకపోయాను. తెలుసుకుని వస్తానని మాట ఇచ్చి బయటపడ్డాను.

తెలుసుకున్నాక ఆశ్చర్యపోయాను. మోటారు మీది హెచ్.పి., బల్బు మీది వాట్, బిల్లు మీది యూనిట్, ఈ మూడూ ఒకే మనిషి వద్దకు తీసుకుపోతాయి. ఆయన పేరు జేమ్స్ వాట్. కెటిల్ మూత ఆవిరికి ఎగిరిపడడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టిన పిల్లవాడని ఆయన గురించి మనం చిన్నప్పుడు విన్నాం. నిజానికి ఆవిరి యంత్రాన్ని ఆయన కనిపెట్టలేదు. ఆయన పుట్టకముందే అది గనుల్లో పనిచేస్తున్నది. ఆయన చేసినవి రెండు పనులు. యంత్రం వృథా చేస్తున్నదాన్ని ఆపాడు. యంత్రం చేసిన పనిని కొలిచి, కొన్నవాడికీ అమ్మినవాడికీ నడుమ లెక్క పెట్టాడు. ఈ రెండో పని గురించే ఈ వారం మీతో ముచ్చటించాలని ఉంది.

గది దొరకని పనివాడు

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లండు దేశంలోని గ్రీనక్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ఓడల పని, వ్యాపారం చేసేవాడు. ఆ రోజుల్లో ఆ రేవుకు వచ్చే పొగాకు, చక్కెర అమెరికాలోనూ కరీబియన్ దీవుల్లోనూ బానిసల చెమటతో పండినవి. ఆ కుటుంబపు సంపాదన కూడా ఆ వర్తకంతో ముడిపడి ఉన్నదే. ఈ సంగతి దాచి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు.

పిల్లవాడు బలహీనుడు. తరచూ తలనొప్పి. బడికి సరిగా వెళ్ళలేక తల్లి వద్ద చదవడం, తండ్రి పనిశాలలో పనిముట్లు పట్టడం నేర్చుకున్నాడు. 1753లో తల్లి మరణించింది. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. కొలత పరికరాలు చేసే పని నేర్చుకుని బతకాలని 1755లో ఆ యువకుడు లండన్ చేరాడు. ఏడేళ్ళు నేర్వవలసిన విద్యను ఒక్క ఏడాదిలో నేర్చుకునేందుకు పగలూ రాత్రీ పనిచేసి, ఆరోగ్యం పాడుచేసుకుని ఇంటికి తిరిగివచ్చాడు.

గ్లాస్గో నగరంలో దుకాణం పెట్టుకోబోతే అక్కడి పనివారల సంఘం అడ్డుపడింది. ఏడేళ్ళ శిష్యరికం పూర్తిచేయనివాడికి నగరంలో పనిచేసే హక్కు లేదన్నారు. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆయనను ఆదరించి, 1757లో తన ఆవరణలోనే ఒక గది ఇచ్చింది. ఆ విశ్వవిద్యాలయం వారి పరికరాలు బాగుచేయడమే ఆయన ఉద్యోగమైంది. పాఠకులారా, ఆయన తొలి వృత్తి కొలిచే పరికరాలు చేయడమేనని గుర్తుంచుకోండి. ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదలలేదు.

వృథాను పట్టిన చూపు

1763, 64 సంవత్సరాల్లో తరగతి గదిలో చూపే ఒక చిన్న ఆవిరి యంత్రం నమూనా ఆయన చేతికి మరమ్మతుకు వచ్చింది. అది న్యూకొమెన్ అనే ఆంగ్లేయుడు 1712లో నెలకొల్పిన యంత్రానికి చిన్నరూపు. గనుల్లో ఊరే నీటిని తోడిపోయడం దాని పని. నమూనాను బాగుచేస్తే నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. మరొకరైతే బాగుచేసి ఇచ్చి కూలి తీసుకునేవారు. వాట్ మాత్రం ఎంత నీరు ఆవిరవుతున్నది, ఎంత ఆవిరి లోపలికి వెళుతున్నది అని కొలవడం మొదలుపెట్టాడు. లోపలికి వెళ్ళే ఆవిరిలో అధికభాగం పనికి రావడం లేదని తేలింది. ప్రతి ఊపుకూ ఒకే గొట్టాన్ని ఒకసారి వేడి చేసి, మళ్ళీ చన్నీళ్ళతో చల్లార్చుతున్నారు. బొగ్గంతా ఆ గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ వేడిచేయడానికే పోతున్నది.

1765లో ఒక ఆదివారం గ్లాస్గోలోని పచ్చిక మైదానంలో నడుస్తుండగా ఉపాయం తట్టింది. గొట్టాన్ని ఎప్పుడూ వేడిగానే ఉంచి, ఆవిరిని మాత్రం పక్కనే వేరొక పాత్రలోకి పంపి చల్లార్చితే సరి. ఆలోచన ఇంత చిన్నది. దానిని పనిచేసే పెద్ద యంత్రంగా మలచడానికి మాత్రం పది సంవత్సరాలకు పైగా పట్టింది.

ఆ ఏళ్ళు కష్టాల ఏళ్ళు. 1769లో హక్కుపత్రం వచ్చింది గాని చేతిలో డబ్బు లేదు. పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ 1773లో దివాలా తీశాడు. ఇల్లు గడవడానికి వాట్ కాలువలకు భూమి కొలిచే పని చేశాడు. అదే సంవత్సరం ఉత్తరాన కొండల్లో కొలతలు తీస్తుండగా ఇంటి నుంచి కబురు వచ్చింది. భార్య మార్గరెట్ కాన్పులో మరణించింది. తల్లిలేని పిల్లలతో ఆయన మిగిలిపోయాడు.

మరుసటి సంవత్సరం ఆయన బర్మింగ్‌హామ్ వెళ్ళి మాథ్యూ బౌల్టన్ అనే వ్యాపారితో కలిశాడు. 1775లో బ్రిటన్ పార్లమెంటు ఆయన హక్కును 1800 వరకు పొడిగించింది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప పనివాడు గొట్టాలను సరిసమానంగా తొలిచే యంత్రం చేసిపెట్టాడు. 1776లో కొత్త యంత్రాలు రెండు చోట్ల పని మొదలుపెట్టాయి. పాతదానితో పోల్చితే సగానికి పైగా బొగ్గు మిగిలింది. ఆ ఏడాదే ఆయన ఆన్ మెక్‌గ్రెగర్‌ను వివాహమాడాడు.

తాళం వేసిన పెట్టె

ఇక్కడి నుంచి మన మీటరు కథ మొదలవుతుంది. ఇంగ్లండుకు నైరుతి మూలన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ రాగి, తగరం గనులు లోతుగా ఉండేవి. నీరు విపరీతంగా ఊరేది. బొగ్గు మాత్రం అక్కడ దొరకదు, సముద్రం మీద తెప్పించుకోవాలి. బొగ్గు ఆదా చేసే యంత్రం ఎవరికైనా కావాలంటే ముందుగా వారికే కావాలి.

అయితే దాని ఖరీదు ఎలా కట్టాలి? బౌల్టన్, వాట్ ఒక ఒప్పందం పెట్టారు. యంత్రపు భాగాల ఖర్చు, నిలబెట్టే ఖర్చు గని యజమానిది. ఆ తరువాత, పాత యంత్రం అదే పనికి కాల్చే బొగ్గు కంటే ఈ యంత్రం ఎంత తక్కువ కాల్చుతుందో లెక్కగట్టి, ఆ మిగులులో మూడో వంతు వాట్ వారికి ఇవ్వాలి. రెండు వంతులు యజమానికే మిగులుతాయి. పైకి ఎంతో న్యాయంగా ఉన్న బేరం. కాని యంత్రం నెలకు ఎంత పనిచేసిందో ఎవరు చెప్పాలి? యజమాని తక్కువ చెబుతాడు, అమ్మినవాడు ఎక్కువ చెబుతాడు.

అందుకు వాట్ యంత్రపు దూలానికి ఒక లెక్కపెట్టె బిగించాడు. దూలం ఊగిన ప్రతిసారీ లోపలి పళ్ళచక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. పెట్టెకు తాళం. ఇక ఒకరి నోటిమాట మీద మరొకరు ఆధారపడనక్కరలేదు. ఎన్ని ఊపులో పెట్టె చెబుతుంది. మీ ఇంటి గోడ మీద సీలు వేసి ఉన్న మీటరుకు ఆ పెట్టెను తాత అనుకోవచ్చు. పేదవాడి మీద అనుమానంతోనో, ధనికుడి మీద కోపంతోనో కాదు, ఇద్దరి మాటకూ ఒకే సాక్షి ఉండాలని పుట్టిన వస్తువు అది.

అయినా గొడవలు తప్పలేదు. యంత్రం వచ్చిన కొత్తలో మురిసిన గని యజమానులు, ఏళ్ళ తరబడి డబ్బు కట్టవలసి వచ్చేసరికి సణిగారు. కొందరు చెల్లింపులు ఆపారు. కొందరు వాట్ అనుమతి లేకుండా అటువంటి యంత్రాలే కట్టుకున్నారు. వ్యాజ్యాలు 1799 దాకా నడిచి, చివరకు వాట్ పక్షాన తీర్పు వచ్చింది. తప్పంతా గనుల వారిదేనని చెప్పలేం. తన హక్కును పట్టుకుని వాట్ ఇతరుల కొత్త ఆలోచనలకు దారి మూశాడని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ చరిత్రకారులు అంటున్నారు. కొలత న్యాయంగా ఉన్నా కొలిచే హక్కు ఒక్కరి చేతిలోనే చిక్కితే ఏమవుతుందో ఆ వ్యాజ్యాలు చూపుతాయి.

గుర్రానికి లెక్క

1781 తరువాత వాట్ యంత్రాలు చక్రాలు తిప్పడం నేర్చాయి. దాంతో పిండి మరల వారు, నూలు మిల్లుల వారు కొనడానికి వచ్చారు. వీరి వద్ద పాత ఆవిరి యంత్రం లేదు, పోల్చిచూడడానికి పాత బొగ్గు లెక్కా లేదు. వీరి వద్ద ఉన్నవి గుర్రాలు. మీ యంత్రం ఎన్ని గుర్రాలకు సమానమన్నది వారి ప్రశ్న. మన ప్రాంతంలో మోట బావులున్న రోజుల్లో కరెంటు మోటారు చూపించి ఉంటే మన తాతలు కూడా అది ఎన్ని జతల ఎడ్లకు సమానమనే అడిగి ఉండేవారు.

వాట్ గానుగకు కట్టిన గుర్రాన్ని లెక్కకు తీసుకున్నాడు. పన్నెండు అడుగుల వ్యాసార్థం గల వలయంలో గంటకు 144 చుట్లు తిరుగుతూ, 180 పౌన్ల బలంతో లాగే గుర్రం అది. గుణించి, గుండుగా నిమిషానికి 33,000 అడుగు పౌన్లు అని 1783లో నిర్ణయించాడు. మన లెక్కలో చెప్పాలంటే, దాదాపు 76 కిలోల వడ్ల బస్తాను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల బలం. అదే హార్స్ పవర్, అంటే అశ్వశక్తి, మనం హెచ్.పి. అంటున్నది దానినే.

సాధారణ గుర్రం రోజంతా నిలకడగా చేయగల పని కంటే ఆ అంకె ఎక్కువే. అందువలన పది గుర్రాల యంత్రం కొన్నవాడికి పది గుర్రాలకు మించిన పనే దక్కేది, తక్కువైందనే ఫిర్యాదుకు తావుండేది కాదు. ఆ తరువాత మిల్లుల వారి వద్ద ఒక్కొక్క అశ్వశక్తికి ఏడాదికి ఇంత అని సొమ్ము తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇది మన రైతులకు కొత్త సంగతి కాదు. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు యూనిట్ల లెక్క పోయి, హెచ్.పి.కి ఏడాదికి ఇంత అనే శ్లాబు వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటల ఉచిత సరఫరా ప్రకటించారు. ఒకటి చేసిన పనికి కట్టడం, రెండోది యంత్రపు సత్తాకు కట్టడం. వాట్ కాలంలో గనికి ఒక పద్ధతి, మిల్లుకు ఒక పద్ధతి. మన కాలంలో ఇంటికి ఒక పద్ధతి, పొలానికి ఒక పద్ధతి. సత్తాకు కట్టే చోట గాని, ఏమీ కట్టనవసరం లేని చోట గాని, ఎంత వాడుతున్నామన్న చూపు మెల్లగా మందగిస్తుంది. బిల్లు రాకపోయినా బోరులో నీరు మాత్రం లెక్క ప్రకారమే తరుగుతుంది.

చివరి రోజులు

1800లో హక్కు గడువు తీరగానే వాట్ వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. ఆ సంవత్సరమే ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా మొట్టమొదటి విద్యుత్ బ్యాటరీని లోకానికి తెలియజేశాడు. కొత్త శక్తి పుట్టుకొచ్చిన ఏడాది పాత శక్తి ఉద్దండుడు విశ్రాంతి తీసుకున్నాడు.

ఆయన చివరి ఏళ్ళు డబ్బుకు లోటు లేని ఏళ్ళే గాని దుఃఖం లేని ఏళ్ళు కావు. రెండో భార్యకు పుట్టిన కుమార్తె జెస్సీని 1794లో, కుమారుడు గ్రెగరీని 1804లో క్షయవ్యాధి తీసుకుపోయింది. కూతురిని పోగొట్టుకున్న తండ్రి కుమిలిపోతూ కూర్చోలేదు. ఊపిరితిత్తుల రోగులకు వాయువులతో చికిత్స ప్రయత్నిస్తున్న వైద్యుడు థామస్ బెడోస్‌కు పరికరాలు తయారుచేసి ఇచ్చాడు. ఆ చికిత్స ఫలించలేదు. బర్మింగ్‌హామ్ పక్కన హీత్‌ఫీల్డ్ అనే తన ఇంటి అటక మీద పనిశాల పెట్టుకుని, శిల్పాలకు నకలు తీసే యంత్రంతో చివరిదాకా కాలం గడిపాడు. 1819 ఆగస్టు 25న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆయన పనిముట్లు ఎక్కడివక్కడే ఉన్న ఆ గది ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఆయన మరణించిన 63 సంవత్సరాలకు, 1882లో, విలియం సీమెన్స్ అనే ఇంజనీరు విద్యుత్ బలానికి వాట్ పేరు పెట్టాలని ప్రతిపాదించాడు. 1889లో శాస్త్రజ్ఞుల మహాసభ దానిని ఆమోదించింది. ఆవిరితో జీవితం గడిపిన మనిషి పేరు ఆ విధంగా కరెంటుకు చేరింది. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు.

ఆ ఇంటికి తిరిగి వెళ్ళాను

పాఠకులారా, ఇక ఆ దంపతులకు నేనిచ్చిన సమాధానం వినండి. వాట్ అంటే వస్తువు ఏ వేగంతో కరెంటు తీసుకుంటుందో చెప్పే కొలత. పంపు గొట్టం నుంచి నీళ్ళు ఏ ధాటితో పడుతున్నాయో అటువంటిది. యూనిట్ అంటే తొట్టిలో నిండిన నీళ్ళు. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. నూరు వాట్ల పాత బల్బు పది గంటలు వెలిగినా ఒక యూనిట్టే. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే నూట పదకొండు గంటలు కావాలి. అయిదు హెచ్.పి. మోటారు పూర్తి బరువు మీద నడిస్తే, లోపలి నష్టంతో కలిపి, గంటకు నాలుగు యూనిట్లకు పైనే తీసుకుంటుంది.

ఆ తరువాత మీటరు వద్దకు వెళ్ళాం. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. ఆ ఇంటి మీటరు మీద 3200 అని ఉంది. అంటే దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. మీ మీటరు మీద ఏ అంకె ఉందో చూసుకోండి. అన్నీ ఆపించి ఒక్కొక్కటే వేయమన్నాను. ఫ్యాను వేస్తే నిమిషానికి నాలుగుసార్లు. ఎల్.ఇ.డి. బల్బు వేస్తే రెండు నిమిషాలకు ఒకసారి. నీళ్ళు కాచే రాడ్డు వేయగానే దీపం ఆగకుండా కొట్టుకున్నది, నిమిషానికి ఎనభైసార్లు. అది పదిహేను వందల వాట్ల రాడ్డు. చలికాలమని రోజూ గంటసేపు వాడుతున్నారు. అంటే రోజుకు ఒకటిన్నర యూనిట్, నెలకు నలభై అయిదు.

ఆ తల్లి మొదట నమ్మలేదు. పొద్దస్తమానం తిరిగే ఫ్యాన్లనూ పిల్లలు చూసే టీవీనీ ఆమె తిడుతూ వచ్చింది. గంటసేపు మౌనంగా బకెట్‌లో మునిగి ఉన్న రాడ్డును ఆమె ఎన్నడూ అనుమానించలేదు. మన కుటుంబాల్లో ఇటువంటి అన్యాయపు నిందలు కరెంటుకే పరిమితం కావు. చప్పుడు చేసేవారి మీదే తప్పు మోపుతాం. కొలత వచ్చాక నింద తగ్గుతుంది. నీళ్ళు సగం పొయ్యి మీద కాచుకుంటామని ఆ రోజే నిర్ణయించుకున్నారు.

న్యాయమైన తూనికరాళ్ళు, న్యాయమైన కుంచం వాడమని దేవుడు పూర్వవేదంలో తన ప్రజలను ఆదేశించాడు. ఆ ఆజ్ఞ అంగడిలో కూర్చున్నవాడికి మాత్రమే అనుకుంటాం. ఇచ్చేవాడి కొలత సరిగా ఉండాలి, నిజమే. తీసుకునేవాడికి ఆ కొలత చదవడం కూడా రావాలి. చదవలేనివాడు మోసం జరిగితే అడగలేడు, జరగకపోతే అనుమానం మానలేడు.

కనుక ఈ వారం ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని మీ మీటరు ముందు నిలబడండి. దానిని విప్పవద్దు, సీలు తాకవద్దు, చూడడమే. అన్ని స్విచ్చులూ ఆపి, దీపం ఇంకా మిణుకుమంటుంటే ఎక్కడో ఏదో వాడుతున్నదని గాని, వైరింగులో లోపమున్నదని గాని తెలుసుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇవాళ్టి అంకె ఒక కాగితం మీద రాసి, మళ్ళీ ఆదివారం చూడండి. నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. మీరు ఎక్కడున్నారో ఆ కాగితమే చెబుతుంది. ఆ ఇంటి తల్లి ఇప్పుడు వంటింటి క్యాలెండరు మీద ప్రతి ఆదివారం గడిలోనూ మీటరు అంకె వేసుకుంటున్నది. మరుసటి నెల బిల్లు 171 యూనిట్లు. ఆమె దానిని నాకు చూపించి, ఏమీ అడగకుండానే మడిచి లోపల పెట్టుకున్నది.